బీరువాలో ఫుల్ ఫ్రేము

ముందే చెప్పేస్తున్నా, ఇది చదివాక నాతో మాట్లాడ్డం మానేసే మిత్రులు కనీసం నలుగురుంటారు. ఆ నలుగురికీ మిర్రర్‌లెస్ కెమెరాలున్నాయి. అందులో ముగ్గురికి వాటి ఈఎమ్ఐలు కూడా ఇంకా ఉన్నాయి. అయినా సరే, ఎన్నాళ్ళని కడుపులో దాచుకుని తిరగను?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి కెమెరా పూనకం కొత్తేం కాదు లెండి. ఆన్‌సైట్ నుంచి వచ్చేవాడి సూట్‌కేసులో పైన చాక్లెట్లు, మధ్యలో సెంటు సీసాలు, అడుగున బట్టల్లో చుట్టి ఎవరో తెప్పించుకున్న డీఎస్ఎల్ఆర్... ఇదీ వరస. న్యూయార్కులో బీ అండ్ హెచ్ అనే కొట్టు శనివారం తెరవదని, ఆ రోజు వెబ్‌సైట్లో కూడా ఆర్డరు తీసుకోదని మనవాళ్ళకి కంఠతా. మన వీధి చివర కిరాణా కొట్టుకి సెలవెప్పుడో మాత్రం తెలీదు :-) తర్వాత 2008లో పానసోనిక్ వాడు జీ1తో కెమెరా లోపలి అద్దం పీకేశాడు, 2010లో సోనీ వాడు నెక్స్‌తో వెంటపడ్డాడు, ఓ పదేళ్ళు తిరిగేసరికి డీఎస్ఎల్ఆర్ అన్నమాటే పాతబడిపోయింది. అద్దం పోయింది గానీ పూనకం ఎక్కడికీ పోలేదు.

నేనుండేది జవహర్‌నగర్. డంపింగ్ యార్డు జవహర్‌నగర్ కాదండోయ్, ఆ పేరు చెప్పగానే అందరూ ముక్కు మూసుకుంటారు. మాది ఉప్పల్, నాచారం వైపుది. పొద్దున్నే ఉప్పల్లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగాలి, అంటే బ్లూ లైను దాదాపు ఈ చివర నుంచి ఆ చివరికి. వీపున బ్యాగులో లాప్‌టాపు, దాని ఛార్జరు, టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, వానాకాలమైతే గొడుగు. అమీర్‌పేట దగ్గర రెడ్ లైను జనమంతా వచ్చి మన మీద పడ్డాక ఆ బ్యాగు వీపు మీద ఉందో పక్కవాడి పొట్ట మీద ఉందో తెలీదు. ఇందులో కెమెరా ఎక్కడ పెడతారు, చెప్పండి?

లెక్క చూద్దాం. సోనీ ఏ7 నాలుగో మోడలు, 2021లో వచ్చింది. బాడీ ఒక్కటే 658 గ్రాములు. దానికి అందరూ కలలుగనే 24-70 ఎఫ్ 2.8 లెన్సు, కొత్తది, బరువు తగ్గించామని కంపెనీ గొప్పగా చెప్పుకున్నదే, 695 గ్రాములు. రెండూ కలిపి కిలో మూడువందల యాభై పైన. నా దగ్గరున్నది సోనీ వాడిదే ఆర్ఎక్స్100 మూడో మోడలు. 290 గ్రాములు. ప్యాంటు జేబులో పడుతుంది. జీన్స్ మరీ బిగుతైతే పట్టదు, అది కెమెరా తప్పు కాదు.

"బరువు సంగతి సరే, క్వాలిటీ మాటేంటి?" అంటారు. అక్కడికే వస్తున్నా, తొందరెందుకు?

మనవాళ్ళలో ఎక్కువమంది కొనేది ఫుల్ ఫ్రేము కాదు, ఏపీఎస్-సీ సెన్సరున్న మిర్రర్‌లెస్సు. డబ్బాలోనే ఓ కిట్ లెన్సు వస్తుంది. ఆ లెన్సు పుట్టినప్పుడు తగిలించింది తగిలించినట్టే ఉంటుంది, మళ్ళీ ఊడదీసేది ఓఎల్ఎక్స్‌లో అమ్మేటప్పుడు ఫోటో తీయడానికే. కాబట్టి పోలిక న్యాయంగా ఉండాలంటే అదే కంపెనీ, అదే సంవత్సరం తీసుకోవాలి. 2014లో సోనీ వాడు రెండూ వదిలాడు. ఒకటి ఏ6000, మన ఆఫీసుల్లో డెస్కుకొకటి చొప్పున కనబడ్డ మిర్రర్‌లెస్. రెండోది నా ఆర్ఎక్స్100 మూడు.

ఏ6000 సెన్సరు 23.5 బై 15.6 మిల్లీమీటర్లు. నా దాంట్లో ఉన్నది 13.2 బై 8.8. గుణించి చూస్తే వాళ్ళది 366 చదరపు మిల్లీమీటర్లు, నాది 116. మూడు రెట్ల పైచిలుకు తేడా. ఇక్కడిదాకా చదివి "చూశావా" అని చంకలు గుద్దుకుంటారు జనం. ఆగండి. ఆ సెన్సరు మీద వెలుగు పోసేది లెన్సు కదా. వాళ్ళ కిట్ లెన్సు 16-50, వైడ్‌లో ఎఫ్ 3.5, జూమ్ చేస్తే ఎఫ్ 5.6. నా కెమెరా లెన్సు వైడ్‌లో ఎఫ్ 1.8, జూమ్ చివర ఎఫ్ 2.8. రెండూ చూపించే దృశ్యం దాదాపు ఒకటే, ఫుల్ ఫ్రేము భాషలో చెప్పాలంటే వాళ్ళది 24-75, నాది 24-70. వెలుగు ఎఫ్ నంబరు వర్గాన్ని బట్టి మారుతుంది. 3.5ని 1.8తో భాగించి వర్గం చేయండి, 3.8 వస్తుంది. 5.6ని 2.8తో భాగించి వర్గం చేయండి, నాలుగు. అంటే వాళ్ళ సెన్సరు మూడింతలు పెద్దదైతే, నా లెన్సు ఒక్కో మిల్లీమీటరు మీద నాలుగింతల వెలుగు పోస్తోంది. మొత్తం వెలుగు లెక్కేస్తే జేబు కెమెరాకే ఓ ఇరవై పాతిక శాతం మొగ్గు. బ్యాక్‌గ్రౌండు మసక కూడా ఇదే లెక్క, ఇంచుమించు సమానం.

ఇంకోసారి చదువుకోండి. కిట్ లెన్సు తీయకుండా వాడే ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్సు, వెలుగు పోగుచేయడంలో జేబు కెమెరా కంటే వీసమెత్తు ఎక్కువ కాదు. మరి ఎక్కువేంటి? లెన్సుతో కలిపి 460 గ్రాముల బరువు, మెడకి ఓ పట్టీ, ఆ పట్టీ మీద కంపెనీ పేరు.

ఈ ముక్క నేను ఆఫీసు క్యాంటీన్లో చెప్తే ఒకడు "మామా, సెన్సర్ సైజ్ మ్యాటర్స్" అన్నాడు. అవున్రా, మ్యాటరే. ర్యామ్ సైజు కూడా మ్యాటరే. అరవై నాలుగు జీబీ ర్యామున్న సర్వరుకి డయలప్ మోడెము తగిలించి స్పీడు గురించి మాట్లాడితే ఎలా ఉంటుందో, మూడున్నర ఎఫ్ లెన్సు పెట్టి సెన్సరు గురించి మాట్లాడ్డం అలాగే ఉంటుంది. బాటిల్‌నెక్ ఎక్కడుందో చూడకుండా ఆప్టిమైజ్ చేసేవాణ్ణి కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తామా లేదా? కెమెరా కొట్టులో మాత్రం అదే పని చేసి, ఇంటికొచ్చి ఆవిడకి పిక్సెల్ బిన్నింగ్ గురించి లెక్చరిస్తాం.

కొట్టంటే గుర్తొచ్చింది. కోఠీలో గుజరాతీ గల్లీకి ఎప్పుడైనా వెళ్ళారా? కెమెరాలు, లెన్సులు, బ్యాటరీలు, బ్యాగులు, ఇంకా పేరు తెలియని బోలెడన్ని అడాప్టర్లు. ఓ ఫ్రెండుకి తోడుగా వెళ్ళా. వాడికి కావలసింది మూడేళ్ళ పాపని, కోదాడ దగ్గర ఊళ్ళో ఉండే అమ్మానాన్నల్ని ఫోటోలు తీసుకునే కెమెరా. కొట్టాయన మావాణ్ణి ఎగాదిగా చూశాడు. మెళ్ళో ఐడీ కార్డు తీయలేదు వీడు. "ఫుల్ ఫ్రేమ్ లేలో భయ్యా, ఫ్యూచర్ ప్రూఫ్" అన్నాడు. ఫ్యూచర్ ప్రూఫ్! అంతే, మావాడు పడిపోయాడు. రేపు నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్ళు ఫోన్ చేసి "రేపట్నుంచి రండి" అంటే కెమెరా సిద్ధంగా ఉండాలి కదా మరి. పది మంది వాడే లీవ్ అప్లికేషన్‌కి కుబర్నెటిస్ క్లస్టరు పెట్టే ఆర్కిటెక్టు కూడా ఇదే మాట చెప్తాడు. స్కేలబుల్ అట.

కంపెనీల సంగతి కూడా కాస్త తెలుసుకోవాలి. కెమెరా తయారీదారుల సంఘం సీపా లెక్కల ప్రకారం 2010లో ప్రపంచం మొత్తానికి పన్నెండు కోట్ల పైన డిజిటల్ కెమెరాలు పంపారు. అందులో సింహభాగం చిన్న కెమెరాలే. 2023కి వచ్చేసరికి అన్నీ కలిపి ఎనభై లక్షలు కూడా లేవు. ఫోను మింగేసింది. అమ్మేవి తగ్గితే ఒక్కోదాని మీద లాభం పెంచుకోవాలి కదా, అందుకని కంపెనీలన్నీ ఖరీదైన బాడీలు, ఇంకా ఖరీదైన లెన్సుల వైపు తిరిగాయి. దాంతో "సీరియస్ ఫోటోగ్రాఫరు" అంటే లెన్సులు మార్చేవాడు అని ఓ నిర్వచనం స్థిరపడిపోయింది. ఇందులో ఆప్టిక్సు ఎంతుందో, అకౌంట్సు ఎంతుందో మీరే ఆలోచించుకోండి. తమాషా ఏంటంటే ఇప్పుడు కాలేజీ పిల్లలు అమ్మానాన్నల బీరువాల్లోంచి పాత కాంపాక్టులు తవ్వి తీస్తున్నారు, 2024లో ఫ్యూజీ ఎక్స్100 ఆరో మోడలు కోసం జనం నెలల తరబడి ఎదురుచూశారు. అదీ 521 గ్రాములు, ఏ జేబులోనూ పట్టదు, నేను దాన్ని చిన్న కెమెరా అని ఒప్పుకోను. అది వేరే గొడవ.

చిన్న కెమెరా అంటే ఏదో తక్కువ జాతి అనుకునేవాళ్ళకి ఓ సంగతి. జర్మనీలో ఆస్కర్ బార్నాక్ అని ఒకాయన ఉండేవాడు. ఉబ్బసం మనిషి. గాజు పలకల పెద్ద కెమెరా మోసుకుని కొండలెక్కలేక, సినిమా ఫిల్ము వాడే బుల్లి కెమెరా ఒకటి 1913, 14 ప్రాంతంలో తనకోసం తయారుచేసుకున్నాడు. 1925లో అది లైకాగా మార్కెట్లోకొచ్చింది. ఇవాళ మనవాళ్ళు గుండెలు చరుచుకునే ఆ ఫుల్ ఫ్రేము, 36 బై 24, ఆ బుల్లి కెమెరా ఫిల్ము సైజే! అప్పటి పెద్దమనుషులకి అది ఆటబొమ్మ. మోయలేక పుట్టించిన సైజుని పట్టుకుని ఇప్పుడు మోయలేక చస్తున్నాం.

మన దగ్గర కథ ఇంకా బావుంటుంది. రాజా దీన్ దయాళ్ పేరు వినే ఉంటారు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు, సికింద్రాబాదులో స్టూడియో. ఆయన కూడా ఇంజనీరే! రూర్కీలో చదివి, ఇండోర్లో ప్రజా పనుల శాఖలో ఉద్యోగం చేస్తూ సరదాగా ఫోటోగ్రఫీ మొదలెట్టాడు. తర్వాత ఉద్యోగం వదిలేశాడు. ఆయన పెట్టెల కొద్దీ గాజు పలకలు, చెక్క కెమెరా, ముక్కాలి స్టాండు మోయించుకుని తిరిగాడంటే, ఆ రోజుల్లో వేరే దారి లేదు కాబట్టి. పైగా ఆయనకి నిజాం జీతమిచ్చాడు, ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. మనకి ఎవడిస్తున్నాడండీ? మన మేనేజరు కంప్ ఆఫ్ కూడా ఇవ్వడు.

సరే, అసలు నాకు మంటెక్కడంటే ఇక్కడ.

మా టీములో ఒకాయన ఉన్నాడు, పేరెందుకులెండి. నాకంటే రెండేళ్ళు పెద్ద, అన్నా అని పిలుస్తా. మంచి మనిషి. ఫుల్ ఫ్రేము, రెండు లెన్సులు, కార్బన్ ఫైబర్ ట్రైపాడు. వాళ్ళమ్మగారు జనగామ దగ్గర పల్లెటూళ్ళో ఉండేవారు, ఏటా సంక్రాంతి ముందు వచ్చి ఓ నెల్లాళ్ళు కొడుకు దగ్గరుండి వెళ్ళేవారు. నేను వెళ్ళినప్పుడల్లా సకినాలు పెట్టేవారు. పోయినేడాది ఆవిడ పోయారు. పెద్దకర్మకి ఫోటో కావాలి. ఇల్లంతా, హార్డ్ డిస్కంతా వెతికితే ఆవిడ ఒక్కరే నిదానంగా కూర్చున్న ఫోటో ఒక్కటీ లేదు! చివరికి ఎవరిదో పెళ్ళిలో ఎవరో ఫోన్లో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టిన గ్రూప్ ఫోటోలోంచి ఆవిణ్ణి కత్తిరించారు. భుజం మీద వేరే ఆవిడ చెయ్యి ఉంది. నాచారంలో స్టూడియో అబ్బాయి ఆ చెయ్యి చెరిపి, వెనక నీలం రంగు పూసి, ఫ్రేము కట్టిచ్చాడు. వాట్సాప్ నలిపేసిన ఫోటో, పెద్దది చేసేసరికి మొహం మైనపు బొమ్మలా అయింది. దండ వేశాక కాస్త దూరం నుంచి పర్లేదనిపించింది.

అన్న ఆ రోజు నాతో అన్నమాట: "తీద్దాం తీద్దాం అనుకుంటూనే ఉన్నా తమ్మీ. ఓ ఆదివారం పొద్దున మంచి ఎండలో, పెద్ద లెన్సు పెట్టి, మంచిగ తీద్దామనుకున్నా."

ఇక్కడ ఎవరో అంటారు, ఫోనుందిగా అని. ఉంది. ఆయన జేబులో మంచి ఫోనే ఉంది. కానీ నేను గమనించింది చెప్తున్నా, ఇంట్లో పెద్ద కెమెరా ఉన్నవాడు ఫోనుతో ఇంట్లోవాళ్ళని సరిగ్గా తీయడు. బిల్లులు తీస్తాడు, పార్కింగులో పిల్లర్ నంబరు తీస్తాడు, వైట్‌బోర్డు తీస్తాడు. అమ్మని మాత్రం "సరిగ్గా" తీద్దామని వాయిదా వేస్తాడు. సరిగ్గా అంటే పెద్ద కెమెరాతో. పెద్ద కెమెరా అంటే బీరువా మీది నుంచి బ్యాగు దింపాలి, బ్యాటరీ ఛార్జి పెట్టాలి, కార్డు ఎక్కడుందో వెతకాలి, పోయినసారి టైమ్‌ల్యాప్సు కోసం మార్చిన సెట్టింగులు మళ్ళీ మార్చాలి. ఈలోపు అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతుంది. పెద్ద కెమెరా తీసే ఫోటోల గురించి రివ్యూలు వందలున్నాయి. అది తీయనివ్వని ఫోటోల గురించి ఒక్క రివ్యూ చూపించండి.

ఒకవేళ తీసినా, తీసింది రా ఫైలు. ఒక్కోటి పాతిక ఎంబీ. "తీరిగ్గా ఎడిట్ చేసి పంపిస్తా పిన్నీ" అని అందరికీ మాటిస్తాడు. ఆ ఫోల్డరు హార్డ్ డిస్కులో, మన జీరాలో లో ప్రయారిటీ బగ్గులుంటాయే, అలా పడి ఉంటుంది. పిన్ని కూతురికి ఇద్దరు పిల్లలు పుడతారు గానీ పెళ్ళి ఫోటోలు రావు. ఇక ఆ బ్యాగు రెండు వానాకాలాలు మూత తీయకుండా బీరువాలో ఉంటే లెన్సు లోపల సాలెగూడులా ఫంగస్ పాకుతుంది. దానికి సిలికా జెల్ పొట్లాలు, గాలి చొరబడని డబ్బా, ఇంకా శ్రద్ధున్నవాళ్ళు కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్టు కొంటారు. కెమెరాకి ఫ్రిజ్జు లాంటిదన్నమాట. వాడే వస్తువుకి ఫంగస్ పట్టదు మహాప్రభో!

ఇప్పుడు నన్ను ఉతకడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళ కోసం, మిర్రర్‌లెస్ నిజంగా గెలిచే చోట్లు నేనే చెప్తా. ఆదివారం తెల్లవారకముందే లేచి అమీన్‌పూర్ చెరువు దగ్గర పక్షుల కోసం బురదలో కూర్చునేవాళ్ళున్నారు, 200-600 లెన్సు ఒక్కటే రెండు కిలోల పైన మోసుకుని. వాళ్ళకి దండం. ఆ పని ఏ జేబు కెమెరా చేయలేదు. పెళ్ళిళ్ళు తీసి బతికేవాళ్ళకి రెండు కార్డు స్లాట్లు, రాత్రంతా నిలిచే బ్యాటరీ లేకపోతే కుదరదు, తలంబ్రాలు రీటేక్ ఉండవు. పరిగెత్తే పిల్లల మీద ఫోకసు పట్టడంలో నా పాత మోడలు వెనకబడే ఉంటుంది, ఏ6000లో ఫేజ్ డిటెక్షన్ ఉంది, దీంట్లో లేదు (2016లో వచ్చిన ఐదో మోడల్లో పెట్టారు). ఫుల్ ఫ్రేముకి ఎఫ్ 2.8 జూము తగిలిస్తే పైన వేసిన లెక్క ప్రకారమే నా కెమెరా కంటే వైడ్‌లో మూడు రెట్లు, జూమ్ చివర ఏడు రెట్లు ఎక్కువ వెలుగు. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఇంకోటి, బయటికొచ్చి లోపలికెళ్ళే లెన్సు దుమ్ము పీలుస్తుంది. నాచారం పారిశ్రామికవాడ రోడ్డు మీద వారం తిరిగితే ఎవరికైనా తెలుస్తుంది. జిప్ కవరులో వేసి జేబులో పెట్టుకుంటా, పదేళ్ళుగా నడుస్తోంది.

అలాగే జేబు కెమెరా గెలిచే చోట్లు కూడా వినాలి మరి. దీంట్లో షట్టరు లెన్సులోనే ఉంటుంది, లీఫ్ షట్టరంటారు. దానివల్ల సెకనులో రెండువేలవ వంతు వేగంలో కూడా ఫ్లాష్ పనిచేస్తుంది. ఏ6000 ఫ్లాష్ 160వ వంతు దగ్గరే ఆగిపోతుంది. ఇదేం గొప్ప అంటారా? మే నెల మిట్టమధ్యాహ్నం గోల్కొండలో నిలబడి అమ్మ మొహం తీయండి. నెత్తిన ఎండ, కళ్ళ కింద నల్లటి నీడ. ఆ నీడలో చిన్న ఫ్లాష్ నింపాలంటే షట్టరు వేగం కావాలి. ఈ బుల్లిది చప్పుడు కాకుండా ఆ పని చేసేస్తుంది. మన దేశపు ఎండకి ఇంతకంటే పనికొచ్చే ఫీచరు నాకు తెలీదు, ఏ యూట్యూబు రివ్యూలోనూ దీని గురించి రెండు ముక్కలు మించి చెప్పరు. వాళ్ళకి అక్కడ మబ్బులు కదా. అదే గోల్కొండలో ట్రైపాడు తీస్తే పురావస్తు శాఖ అనుమతి కాగితమేదని అడుగుతారు. జేబులోంచి చిన్నది తీస్తే ఎవరూ పట్టించుకోరు.

పట్టించుకోకపోవడం చిన్న విషయం కాదు. ఆషాఢంలో మా గల్లీలో బోనాలు ఎత్తినప్పుడు పెద్ద కెమెరా పట్టుకుని ఒకడు ముందుకెళ్తే ఏమవుతుందో చాలాసార్లు చూశా. ఆడవాళ్ళు కొంగు సర్దుకుంటారు, పిల్లలు రెండు వేళ్ళు చూపించి నిలబడతారు, పోతరాజు కూడా ఆగి కండలు చూపిస్తాడు. "ఏ పేపరన్నా?" అని ఒకరడుగుతారు. జేబు కెమెరాని ఎవరూ లెక్కచేయరు, బోనం బోనంలాగే నడుస్తుంది. మొన్నటేడు ఒక మిత్రుడు ఏ6000, కిట్ లెన్సుతో వచ్చాడు. ఇద్దరం పక్కపక్కనే తీశాం. పోతరాజు గంతులు వాడి కెమెరా బాగా పట్టింది, నావి సగం ఊగిపోయాయి. నిలబడ్డవాళ్ళవి, దీపాల వెలుగులో మొహాలవి చెరో నాలుగు ఎంచి 12 బై 18 అంగుళాల ప్రింట్లు వేయించాం. 20 మెగాపిక్సెల్ ఫైలుకి ఆ సైజులో అంగుళానికి 304 చుక్కలొస్తాయి, ప్రింటుకి 300 చాలంటారు. కాలనీ గుడి దగ్గర దండేనికి క్లిప్పులు పెట్టి వేలాడదీశాం. ఏది ఏ కెమెరాదో ఒక్కరూ అడగలేదు. "నాది ఏదిరా, ఇంకో కాపీ ఇప్పించు" అని మాత్రం అడిగారు. మిత్రుడు వెనకాలెళ్ళి కాగితం వెనక రాసిన పేరు చూసుకుని గుర్తుపట్టుకున్నాడు.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఓ పని చేయండి, మనం ప్రోగ్రామర్లమే కదా. మీ ఫోటోల ఫోల్డరు మీద ఎక్సిఫ్‌టూల్ నడపండి, ఉచితమే. ప్రతి ఫోటోలో ఏ లెన్సు, ఎంత ఫోకల్ లెంగ్తు, ఎఫ్ ఎంత, ఏ తేదీ, అన్నీ రాసుంటాయి. సీఎస్వీలోకి తీసి ఒక పివట్ టేబుల్ వేయండి, పది నిమిషాల పని. కిట్ లెన్సు కాకుండా తీసినవెన్ని? కెమెరా కొన్న మొదటి రెండు నెలలు తీసేస్తే మిగిలినవెన్ని? వాటిలో ఊటీ, కూర్గ్, అరకు ట్రిప్పులు కాకుండా ఇంట్లో మామూలు రోజున తీసినవెన్ని? ఆ ఆఖరి కాలమ్‌లో వచ్చిన అంకెతో కెమెరా ధరని భాగించండి. ఒక్కో ఫోటో ఎంత పడిందో వస్తుంది. నాకు చెప్పక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి.

కొత్తగా కొనేవాళ్ళు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఒక అంగుళం సెన్సరు కాంపాక్టు చూడండి, సోనీ ఆర్ఎక్స్100 వరసలో ఏదైనా, లేదా కానన్ జీ7ఎక్స్ మూడో మోడలు, 24-100, ఎఫ్ 1.8 నుంచి 2.8. జూమ్ అక్కర్లేదు, వీధుల్లో తిరుగుతా అంటే రికో జీఆర్, అది జేబులో పట్టే ఏపీఎస్-సీ, ఎఫ్ 2.8 ఒకే లెన్సు. పాతది కొంటే లెన్సు బయటికి లోపలికి నాలుగైదుసార్లు ఆడించి చూడండి, గరగర చప్పుడు వస్తే వద్దు. చిన్న ఎపర్చరు పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఫోటో తీసి మచ్చలున్నాయేమో పెద్దది చేసి చూడండి. బ్యాటరీ ఇంకోటి కొని పర్సులో పడేసుకోండి, చిన్న కెమెరాల బ్యాటరీ తొందరగా అయిపోతుంది.

ఇప్పటికే మిర్రర్‌లెస్ కొని బీరువాలో పెట్టినవాళ్ళు దాన్ని అమ్మనక్కర్లేదు. ఆ కిట్ లెన్సు పీకేసి 35 ఎఫ్ 1.8 ఒకటి తగిలించండి, సోనీదైతే 154 గ్రాములే. అప్పుడు అదే దృశ్యానికి నా జేబు కెమెరా కంటే ఏడు రెట్ల పైన వెలుగు వస్తుంది, అప్పుడొచ్చి నాతో వాదించండి, మూసుకుని వింటా. బ్యాగులోంచి తీసి, మూత తీసేసి, బ్యాటరీ పెట్టి, భోజనాల బల్ల మీద పెట్టండి. పిల్లలు పడేస్తారంటారా? టీవీ పక్కన పెట్టండి. సంక్రాంతికి అమ్మ వచ్చేసరికి అది అక్కడే ఉండాలి.